నా డ్రాయర్లోని నల్ల బిళ్లలు

నేను ఆడియో పుస్తకాలు చదువుతాను. రోజుకు నాలుగు గంటలు మైకు ముందు కూర్చోవాలి. రెండో గంట దాటేసరికి గొంతు గరగరమంటుంది. నీళ్లు తాగితే నోరు తడుస్తుంది గానీ గరగర పోదు. అందుకే ఎన్నో ఏళ్లుగా అంగుళం పొడవు అతిమధురం వేరు ముక్కలు కొన్ని సీసాలో పోసుకుని పక్కన పెట్టుకునేదాన్ని. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య ఒక ముక్క బుగ్గన పెట్టుకుంటే, మెల్లగా ఊరే ఆ తీపి గొంతు మీద పల్చగా పరుచుకుంటుంది.

నాకు అప్పటికి అదొక మందు. అంతే. ప్రపంచంలో సగం మంది దాన్ని మిఠాయిగా తింటారని, దాని కోసం కొట్లాడుకునేంత ఇష్టం పెంచుకున్నారని తెలియదు.

ఫిన్లాండ్‌లోని హెల్సింకీ వెళ్లొచ్చిన నా స్నేహితురాలు ఒక చిన్న అట్టపెట్టె నా చేతిలో పెట్టింది. లోపల నల్లటి, డైమండ్ ఆకారం బిళ్లలు. "నచ్చకపోతే ఊసెయ్, ఏమీ అనుకోను" అంది. ముందు ఉప్పు తగిలింది. అదీ వంటింటి ఉప్పు కాదు, ముక్కులోకి ఎక్కే ఉప్పు. నాలుక అంచులు చురచురలాడాయి. ఊసేద్దామని లేవబోయాను. సరిగ్గా అప్పుడే ఆ ఘాటు కింద నుంచి బాగా తెలిసిన తీపి ఒకటి పైకి వచ్చింది. నా సీసాలోని వేరు! ఎవరో దూరపు ఊళ్లో మన ఇంటి మనిషి గొంతు విన్నట్టు అనిపించింది. బిళ్ల మొత్తం కరిగేదాకా కదల్లేదు.

ఆ బిళ్ల పేరు సల్మియాక్కి. అందులో ఘాటు ఇచ్చేది అమోనియం క్లోరైడ్. తెలుగులో నవాసాగరం అంటాం. గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే పదార్థమే. దాన్ని మిఠాయిలో ఎందుకు వేశారన్నది నన్ను చాలా రోజులు వదలలేదు. జవాబు మందుల షాపులో ఉంది. కఫాన్ని పల్చబరిచి దగ్గుతో బయటికి తెప్పించడానికి అమోనియం క్లోరైడ్ వాడేవారు. గొంతుకు అతిమధురం, కఫానికి నవాసాగరం. రెండూ ఒకే బిళ్లలో చేరాయి. దగ్గు తగ్గాక కూడా జనం ఆ బిళ్ల మానలేదు. ఫిన్లాండ్, స్వీడన్, నార్వే, డెన్మార్క్ అంతటా అది ఇప్పుడు పిల్లలు తినే మిఠాయి. ఐస్‌లాండ్‌వాళ్లయితే అతిమధురాన్ని పాల చాక్లెట్‌లో పొదుగుతారు. తర్వాత తెప్పించుకుని తిన్నాను. చాక్లెట్ కొవ్వు ముందు కరుగుతుంది, అతిమధురం తర్వాత వస్తుంది, పోదు.

ఈ 'తర్వాత వస్తుంది, పోదు' అన్నది నాకు ఈ వేరులో అన్నిటికన్నా ఇష్టమైన గుణం. పంచదార నాలుక మీద పడగానే తీపి, మింగగానే మాయం. అతిమధురంలో తీపినిచ్చేది గ్లిసరైజిన్ అనే పదార్థం. పంచదార కంటే 30 నుంచి 50 రెట్లు తీపి. కానీ ఆ తీపి నింపాదిగా మొదలై చాలాసేపు నిలుస్తుంది. గ్రీకులు దీన్ని 'తీపి వేరు' అన్నారు, ఆ మాటలోంచే ఇంగ్లీషు పేరు లికరిష్ పుట్టింది. మనం అతిమధురం అన్నాం, సంస్కృతంలో యష్టిమధు, అంటే తేనె కర్ర. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే అందరూ తీపి పేరే పెట్టడం నాకు ముచ్చటగా ఉంటుంది.

మందు మిఠాయిగా మారిన ఆ క్షణం ఎక్కడైనా పట్టుకోగలమా అని వెతుకుతుంటే ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లోని పాంటిఫ్రాక్ట్ దొరికింది. అక్కడి నేల లోతుగా, మెత్తగా ఉంటుంది. ఈ వేరుకు అలాంటి నేలే కావాలి, మీటరు దాటి కిందికి దిగుతుంది కాబట్టి. 1760లో జార్జ్ డన్‌హిల్ అనే ఔషధాల వ్యాపారి అతిమధురం మందుబిళ్లలో పంచదార కలిపాడు. అవే పాంటిఫ్రాక్ట్ కేకులు. పేరు కేకే గానీ, నాణెమంత నల్లటి బిళ్ల, పైన ఆ ఊరి కోట ముద్ర. చాలాకాలం ఆ ముద్రలు చేత్తోనే వేసేవారు. చేయి తిరిగిన పనివాళ్లు రోజుకు 30,000 దాకా వేసేవారట. ఆ అంకె చదివాక నేను బిళ్లను తిప్పి ముద్ర చూడకుండా నోట్లో వేసుకోలేదు.

ఆ ముద్రదే ఇంకో కథ ఉంది. బ్రిటన్‌లో రహస్య ఓటు చట్టం 1872లో వచ్చింది. ఆ పద్ధతిలో మొట్టమొదటి పార్లమెంటు ఉప ఎన్నిక అదే ఏడాది ఆగస్టు 15న జరిగింది పాంటిఫ్రాక్ట్‌లోనే. ఓటు పెట్టెకు లక్క సీలు వెయ్యాలి. దానికి వాడింది ఏమిటంటే, ఈ బిళ్లల మీద వేసే ముద్ర! ఆ పెట్టె ఇప్పటికీ ఆ ఊరి మ్యూజియంలో ఉంది. ఒక దేశం తన ఓటును మొదటిసారి గుట్టుగా దాచుకున్నప్పుడు దాని మీద మిఠాయి ముద్ర పడింది. ఈ విషయం ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఇంగ్లండ్‌లోనే ఆల్‌సార్ట్స్ అని రంగురంగుల పొరల బిళ్లలున్నాయి. 1899లో ఒక సేల్స్‌మన్ శాంపిళ్ల ట్రే కిందపడేసి అన్నీ కలిపేస్తే, ఆ కలగలుపే కొనేవాడికి నచ్చిందని చెప్పుకుంటారు. చూడ్డానికి బాగుంటాయి, నాకు మాత్రం అందులో కొబ్బరి, పంచదార ఎక్కువ, వేరు తక్కువ. జర్మనీలో హరిబో కంపెనీ చేసే, తాడులా చుట్టిన నల్ల మిఠాయిలు పిల్లలకు సరదా. విప్పుకుంటూ తినొచ్చు.

నెదర్లాండ్స్‌వాళ్లకు ఇది సరదా కాదు, నిత్యావసరం. వాళ్లు దీన్ని 'డ్రాప్' అంటారు. సగటున మనిషి ఏడాదికి సుమారు 2 కిలోలు తింటాడని చెబుతారు. తీపి, ఉప్పు, రెట్టింపు ఉప్పు అని రకాలు. మెత్తనివి, గట్టివి, పిల్లి బొమ్మలు, నాణేలు. ఇప్పటికీ మందుల దుకాణాల్లో అమ్ముతారు. నా డ్రాయర్లోని డచ్చి డబ్బాలో రెట్టింపు ఉప్పువి ఉన్నాయి. సల్మియాక్కికి అలవాటు పడ్డ నాకు కూడా ఒక్కటి చాలు.

ఇక ఇటలీ. దక్షిణాన కలాబ్రియాలో, రొస్సానో అనే చోట అమరెల్లి కుటుంబం 1731 నుంచి అతిమధురం తయారుచేస్తోంది. వాళ్ల చిన్న రేకు డబ్బా మూత తీస్తే లోపల మిలమిలలాడే నల్లటి పలుకులు. పంచదార లేదు, పిండి లేదు, ఉప్పు లేదు. వేరు రసం ఒక్కటే. మొక్క చిక్కుడు కుటుంబానిది. నాటాక మూడు నాలుగేళ్లు ఆగి వేరు తవ్వుతారు. లోపల పచ్చగా, పసుపు కొమ్ములా ఉంటుంది. దాన్ని నలగ్గొట్టి నీళ్లలో ఉడికించి, ఆ రసాన్ని చిక్కబడేదాకా కాస్తూ పోతే నల్లటి ముద్ద అవుతుంది. పచ్చటి వేరు ఇంత నల్లబడటం కాచడం వల్లే. ఆ పలుకు నోట్లో వేసుకుంటే ముందు చేదు. తర్వాత కాస్త మట్టివాసన. ఆ తర్వాతే తీపి. డ్రాయర్లో ఏది ముందు అయిపోతుందని అడిగితే ఇదే.

ఈజిప్టు, సిరియాల్లో దీన్ని కొరకరు, తాగుతారు. వేరు పొడిని నానబెట్టి తీసిన చల్లటి పానీయం పేరు ఎర్క్‌సూస్. రంజాన్ నెలలో సాయంత్రం ఉపవాసం విరిచే వేళ అమ్మేవాళ్లు పెద్ద పాత్రను ఒంటికి కట్టుకుని, ఇత్తడి తాళాలు మోగిస్తూ వీధుల్లో తిరుగుతారు. రోజంతా మాట్లాడే పనిలో ఉన్న నాకు, పగలంతా ఎండిన గొంతులోకి మొదటి గుక్కగా ఈ వేరు దిగడం ఎలా ఉంటుందో కొంచెం ఊహించగలను.

అమెరికాలో ఎర్రటి తాళ్లలాంటి మిఠాయిని కూడా లికరిష్ అంటారు. స్ట్రాబెర్రీ, చెర్రీ రుచులు. అందులో సాధారణంగా ఈ వేరు ఉండదు. నల్లవాటిలో కూడా కొన్నింటికి సోంపు నూనె రుచే ఇస్తారు. తినేవాళ్లను తప్పుపట్టను, కానీ ఆ పేరు మాత్రం ఆ వేరుకే చెందాలని నా పట్టుదల.

ఇంత ప్రేమతో రాస్తున్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. పోయిన ఏడాది ఒక పెద్ద నవల రికార్డింగ్ నెలన్నర సాగింది. రోజూ వేరు ముక్కలు, వాటిపైన అరడబ్బా బిళ్లలు. నాలుగో వారానికి తలనొప్పి, సాయంత్రానికి పాదాల వాపు. పనిలో టెన్షన్ అనుకున్నాను. డాక్టర్ బీపీ చూసి ముఖం మార్చారు. రక్తపరీక్షలో పొటాషియం తక్కువ వచ్చింది. "ఏవైనా మూలికలు వాడుతున్నారా?" అని అడిగితే కాసేపు నాకు గుర్తే రాలేదు. అతిమధురాన్ని నేను మూలికగా ఎప్పుడో మర్చిపోయాను.

గ్లిసరైజిన్ మన శరీరంలో ఒక ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దాంతో కార్టిసాల్ అనే హార్మోన్ మూత్రపిండాల్లో చెయ్యకూడని పని చేస్తుంది. ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం బయటికి పోతుంది, రక్తపోటు పెరుగుతుంది. నలభై దాటినవాళ్లు రోజుకు దాదాపు 57 గ్రాముల నల్ల లికరిష్ కనీసం రెండు వారాలు తింటే గుండె లయ తప్పి ఆసుపత్రి పాలు కావచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లూ, గర్భిణులూ దూరంగా ఉండటమే మంచిది. నేను పూర్తిగా మానేశాను. కొన్ని వారాలకు అంకెలు మామూలయ్యాయి.

నాకు కోపం రాలేదు. మందుల బీరువాలోంచి వచ్చిన మిఠాయి అది. ఎంత పంచదార కలిపినా, ఎన్ని ముద్రలు వేసినా లోపల మందు మందుగానే ఉంది. దాన్ని మర్చిపోయింది నేను.

డాక్టర్‌ను అడిగి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. వారానికి ఒక్కటి, ఆదివారం మధ్యాహ్నం, మైకు ఆపేసి ఉన్నప్పుడు. గొంతుకు ఇప్పుడు గోరువెచ్చటి నీళ్లే. ఏడు డబ్బాల్లో ఏది తియ్యాలన్నది శనివారం రాత్రే ఆలోచించి పెట్టుకుంటాను. ఈ వారం వంతు పాంటిఫ్రాక్ట్ బిళ్లది. ముద్ర కోసం కళ్లద్దాలు కూడా డ్రాయర్లోనే పెట్టాను.