గోపురం మిగిలిన చోట

అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం అనగానే మీలో చాలామందికి ప్రయోగశాలో గ్రంథాలయమో గుర్తుకు రావచ్చు. నాకు మాత్రం ఏథెన్స్ ఊళ్ళో, ఓకోనీ వీధిలో ఒంటరిగా నిలబడ్డ పాత చర్చి గోపురం కళ్ళముందు మెదులుతుంది. 1996లో మేం నలుగురు తెలుగు విద్యార్థులం కలిసి అద్దెకుండేవాళ్ళం. ఆ గోపురం దాటే తరగతులకు వెళ్ళేవాళ్ళం.

చర్చిని 1990లో కూల్చేశారు. ఆ ఊళ్ళోనే పుట్టిన ఆర్.ఇ.ఎం. అనే నలుగురి రాక్ సంగీత బృందం మొట్టమొదట పాడింది అందులోనే, 1980 ఏప్రిల్ 5న, ఒక స్నేహితురాలి పుట్టినరోజు వేడుకలో. పేరు ఆ తర్వాత నిఘంటువు తిరగేసి పెట్టుకున్నారు. ఆ నలుగురిలో పీటర్ బక్ వక్స్‌ట్రీ అనే రికార్డుల దుకాణంలో గుమాస్తా. బక్ తనకోసం దాచుకున్న రికార్డులనే ఏరి కొనుక్కుపోతున్న చిత్రకళ విద్యార్థి మైకేల్ స్టైప్‌తో అతనికి స్నేహం కుదిరింది. మిగిలిన ఇద్దరు, మైక్ మిల్స్, బిల్ బెరీ, మేకన్ పట్టణంలో బడి రోజుల నుంచీ జత.

అదే వక్స్‌ట్రీలో మేం తలా కొంత వేసుకుని వాళ్ళ తొలి ఆల్బమ్ 'మర్మర్' క్యాసెట్ కొన్నాం. రాత్రి వంట చేస్తూ పెట్టుకుంటే గిటారు మనసుకు పట్టేసింది గానీ పాటల్లో ఒక్క మాటా అందలేదు. నా ఇంగ్లీషు ఇంత అధ్వానమా అని నిజంగా బెంగపడ్డాను. మర్నాడు అమెరికన్ సహాధ్యాయిని అడిగితే, "నాకూ తెలియవు, అయినా పదేళ్ళుగా వింటున్నాను" అన్నాడు. పరాయి ఊళ్ళో నాకు ఆ మాట ఇచ్చినంత ధైర్యం ఇంకేదీ ఇవ్వలేదు.

వాళ్ళ తొలినాళ్ళు కష్టంగానే గడిచాయి. పాత వ్యానులో దక్షిణాది రాష్ట్రాలన్నీ తిరిగారు, మనిషికి రోజుకు 2 డాలర్ల తిండితో. 1981లో ఒక చిన్న సంస్థ 'రేడియో ఫ్రీ యూరప్' పాటను తొలివిడతగా 1000 రికార్డులే వేసింది. 1983లో వచ్చిన 'మర్మర్'ను రోలింగ్ స్టోన్ పత్రిక ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచుకుంది.

నాకు అంతకన్నా గొప్పగా తోచేది మరొకటుంది. బాణీ ఎవరికి తట్టినా, మాటలు ఎవరు రాసినా, పాట కింద నలుగురి పేర్లూ వేసుకున్నారు, రాబడీ సమానంగా పంచుకున్నారు. ఒక్కరు వద్దన్నా ఆ పని చేసేవారు కాదు. 1997లో బెరీ తప్పుకోవాలనుకున్నప్పుడు కూడా, తాను వెళితే బృందం ఆగిపోయేటట్టయితే వెళ్ళనన్నాడు. మిగిలిన ముగ్గురూ 2011 వరకు కొనసాగారు. బియ్యం ఖర్చు దగ్గరే మాటామాటా అనుకునే మా నలుగురికీ, బెరీ అన్న ఆ మాట వార్తల్లో వచ్చిన రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. తర్వాత మా ఇంట్లో ఖర్చుల పుస్తకం తెరవడం మానేశాం.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ క్యాసెట్ ఎవరిదో తేలక నా పెట్టెలోకి చేరింది. ఈసారి కలయికకు దాన్ని తెస్తున్నాను, వినడానికి టేప్ రికార్డరుతో సహా. ఆ ఇంట్లో నాతో ఉన్న మిగతా ముగ్గురూ తప్పక రావాలి.