నీరసం ఎన్నింటికి వస్తోందో రాసి పెట్టండి

వణుకూ బిగుతూ తెచ్చే పార్కిన్సన్స్ జబ్బు ఉన్న పెద్దాయన పొద్దున పదకొండుకే మంచమెక్కితే ఇంట్లోవాళ్ళు బద్ధకం అనుకుంటారు. "కాస్త లేచి అటూ ఇటూ తిరగండి నాన్నా" అంటారు. ఆయనేమో "ఓపిక లేదమ్మా" అంటారు. ఇలా మాటా మాటా పెరిగి ఇద్దరూ నొచ్చుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈ జబ్బున్నవాళ్ళలో దాదాపు సగం మందికి ఈ నీరసం ఉంటుంది. కొందరికి వణుకు మొదలవకముందే వస్తుంది. వణుకు తక్కువ కాబట్టి నీరసమూ తక్కువే ఉండాలన్న లెక్క ఇక్కడ కుదరదు. దయచేసి ఆ మనిషిని తప్పు పట్టకండి.

డాక్టరు దగ్గర "నీరసంగా ఉంది" అని మాత్రం చెబితే, ఉన్న కాస్త సమయంలో తేలేది తక్కువ. ఓ బి-కాంప్లెక్స్ చీటీతో ఇంటికొస్తారు. రక్తపరీక్షల కన్నా ముందు గడియారం చూడాలని మా గట్టి నమ్మకం. ఒక నోటుబుక్కులో వారం రోజులు రాయండి: మాత్ర వేసుకున్న టైము, ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, నీరసం ఎప్పుడు మొదలై ఎప్పుడు వదిలింది, పగలు ఎంతసేపు నిద్రపోయారు. ఆయన చేతిరాత సాగకపోతే ఇంట్లోవాళ్ళే రాయాలి.

ఈ జబ్బుకి వాడే ముఖ్యమైన మందు లెవోడోపా. అది రక్తంలో ఎక్కువసేపు నిలవదు. గంటన్నరలో సగానికి పడిపోతుంది. జబ్బు కొన్నేళ్ళు ముదిరినవాళ్ళకి ఎనిమిదింటి మాత్ర పదకొండు దాటేసరికి దిగిపోవచ్చు. అప్పుడు నీరసం ఒక్కటే రాదు. నడక మందగిస్తుంది, చొక్కా గుండీలు పట్టుబడవు, కొందరికి ఊరికే గాభరా పుడుతుంది. తర్వాతి మాత్ర పడ్డ ముప్పావు గంటకి అన్నీ కలిసి తేలికపడతాయి. నోటుబుక్కులో ఇలా కనిపిస్తే మాత్రల మధ్య ఎడం చూడాలి. ఒక్కోసారి రోజు మొత్తం మోతాదు పెంచకుండానే, దాన్నే దగ్గర దగ్గరగా పంచి డాక్టరు సరిచేయగలరు.

అసలు మాత్ర ఒంటికి పట్టకపోవడమూ ఉంది. లెవోడోపా కూడా ఒక అమైనో ఆమ్లమే. పేగులోనూ, మళ్ళీ మెదడులోకి వెళ్ళే చోటా, పప్పూ పాలూ గుడ్డూ మాంసాల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలతో అది పోటీ పడాలి. మాత్ర మింగిన వెంటనే రెండు పెసరట్లు తిన్నా, పప్పన్నం పెరుగన్నం కానిచ్చి మాత్ర వేసుకున్నా ఆ పూటకి దాని పని సగం పోయినట్టే. తిండికి అరగంట ముందు, లేదా తిన్నాక గంటన్నర ఆగి, గ్లాసెడు మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ తర్వాత తాగొచ్చు. కడుపులో తిప్పితే ఒక ఇడ్లీయో రెండు బిస్కెట్లో చాలు. ఐరన్ మాత్రకీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. అలాగని పప్పు మానేయకండి, బరువు తగ్గితే ఉన్న సత్తువా పోతుంది.

లేచి నిలబడ్డాకనో, స్నానం చేసి వచ్చాకనో, భోజనం చేసిన గంటలోపో నీరసం వస్తుంటే మాత్రం బీపీ మీద అనుమానం పెట్టుకోండి. ఈ జబ్బు రక్తనాళాలని బిగించే నరాలనీ దెబ్బతీస్తుంది. నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది. అందరికీ కళ్ళు తిరగవు. మెడా భుజాలూ లాగడం, చూపు మసకబారడం, "కూచుంటా" అనడం, అంతే.

ఇంట్లోనే చూడొచ్చు. దండకి కట్టే మెషీన్ కావాలి, మణికట్టుది వద్దు. అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి చూడండి. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడండి. నిలబడ్డప్పుడు చెయ్యి కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది, వణికితే మెషీన్ ఎర్రర్ కొడుతుంది. అందుకని ఒకరు ఆ చేతిని గుండె ఎత్తున పట్టుకోవాలి. పడిపోకుండా ఇంకొకరు పక్కనుండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే అది లెక్కలోకి వస్తుంది. పొద్దున లేవగానే, మాత్ర వేసుకున్న గంటకి, మధ్యాహ్న భోజనం తర్వాత, ఇలా మూడు వేళల్లో చూస్తేనే గుట్టు తెలుస్తుంది. క్లినిక్‌లో కూర్చోబెట్టి చూసే ఒక్క రీడింగులో ఇది దొరకదు.

దొరికితే చేయవలసినవి: మంచం దిగే ముందు అరలీటరు నీళ్ళు అయిదు నిమిషాల్లో తాగడం, పాదాలు పదిసార్లు పైకీ కిందికీ ఆడించి లేవడం, తల వైపు మంచం కోళ్ళ కింద ఆరంగుళాల ఎత్తు పెట్టడం, కుంభంలా అన్నం పెట్టకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినిపించడం. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు నీళ్ళూ ఉప్పూ డాక్టరుని అడిగే పెంచాలి. పాత బీపీ మాత్రలు, ప్రోస్టేటుకి వాడే టామ్సులోసిన్ కూడా బీపీని దించుతాయి. వాటి చీటీలు చూపించండి, సొంతంగా ఆపకండి.

ఇక్కడో ప్రమాదం ఉంది. కళ్ళు తిరుగుతున్నాయని చెబితే ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజిన్ లాంటివి, వాంతులంటే మెటోక్లోప్రమైడ్ రాసేవాళ్ళున్నారు. ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయేది డోపమైన్ అనే రసాయనమే, మూడూ దాని పనికి అడ్డుపడతాయి. నీరసం, బిగుతు రెండూ పెరుగుతాయి. మందుల షాపులో కొనే ముందు ఈ మూడు పేర్లూ సరిచూసుకోండి.

చెన్నైలో దీనికి కత్తిరి ఎండలు, అంటే మే నెల మండుటెండలు, తోడవుతాయి. వేడికి రక్తనాళాలు వదులవుతాయి, చెమటకి నీరు పోతుంది, బీపీ ఇంకా దిగుతుంది. బాత్రూముకి లేవలేక నీళ్ళు తగ్గించేసే పెద్దవాళ్ళకి మే నెల గండమే. మేడ మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి కాగిపోయి ఉంటాయి. ఆ నీళ్ళు నెత్తిన పోసుకుని వస్తే నిలబడలేరు. రాత్రే బకెట్లో పట్టుకుని, పొద్దున్నే స్టూలు మీద కూర్చుని స్నానం చేయించండి. నడక ఏడులోపు అయిపోవాలి. మెరీనాలో అయితే ఇసుకలోకి దిగకుండా రోడ్డు పక్క గట్టి దారి మీదే నడవాలి. ఇసుకలో కాలు ఈడ్చేవాళ్ళకి రెట్టింపు శక్తి పోతుంది.

నీరసం వేరు, నిద్రమత్తు వేరు. ఈ జబ్బుకే ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వాడేవాళ్ళు మాట్లాడుతూనే కునుకు తీస్తుంటే డాక్టరుకి వెంటనే చెప్పాలి. అంతవరకు బండి తాళాలు ఇవ్వకండి. ఈ జబ్బుకే వాడే అమాంటడిన్, సెలెజిలిన్ సాయంత్రం వేసుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది. గురక, నిద్రలో కేకలు, పదేపదే మూత్రానికి లేవడం కూడా చెప్పండి.

వేళాపాళా లేకుండా రోజంతా ఒకేలా ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, సోడియం, షుగర్ చూపించాలి. లెవోడోపా ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గడం తరచూ కనిపిస్తుంది. దిగులు కూడా నీరసంలాగే ఉంటుంది, దానికి మందు ఉంది.

ఇవన్నీ పోగా మిగిలేది జబ్బు తెచ్చే నీరసం. దానికంటూ నమ్మకంగా పనిచేసే మాత్ర ఇంకా లేదు. స్నానం, బ్యాంకు పని, ఫిజియోథెరపీ మాత్ర బాగా పట్టిన గంటల్లో పెట్టుకోవాలి. అలిసిపోయాక కాకుండా ముందే ఇరవై నిమిషాలు నడుం వాల్చాలి, మూడు దాటాక పడుకోకూడదు. వ్యాయామం పది నిమిషాలతో మొదలుపెట్టినా మానకూడదు. ఆస్పత్రికి వెళ్ళే రోజు ఓపీలో ఎంతసేపవుతుందో తెలీదు కాబట్టి తర్వాతి మాత్రా నీళ్ళ సీసా సంచిలోనే ఉండాలి. ఉపవాసమని, ప్రయాణమని లెవోడోపా హఠాత్తుగా ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది.

నిన్నటిదాకా నడిచిన మనిషి రెండు రోజుల్లో లేవలేని స్థితికొస్తే అది పార్కిన్సన్స్ ముదరడం అనుకోవద్దు. జ్వరం లేకపోయినా మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, ఈ మూడూ చూడమని ఆ రోజే డాక్టరుని అడగండి.