దేవుడు లేడనేవాడి ప్రమాణం

చిత్తూరు జిల్లాలో డబ్బు దగ్గర ఇద్దరికి మాటా మాటా వచ్చిందంటే మూడో మాట కాణిపాకమే. రాజకీయ నాయకులు కూడా టీవీలో ‘దమ్ముంటే కాణిపాకం రా, ప్రమాణం చెయ్’ అని సవాళ్లు విసురుకుంటారు, వాళ్లలో నిజంగా వచ్చేది ఎంతమందో అది వేరే సంగతి. మా మామ, ఆయనతో కలిసి మామిడికాయల వ్యాపారం చేసిన పెదనాన్న (సొంత పెదనాన్న కాదు, ఊళ్లో వరస) మాత్రం నిజంగానే బయల్దేరారు. తోతాపురి కాయలు ఒక లోడు గుజ్జు ఫ్యాక్టరీకి పోయింది, దాని డబ్బులు మామ తీసుకుని పంచలేదని ఆయన, పంచేశానని మామ. కాటా దగ్గర ఆ రోజు నేనూ ఉన్నాను కాబట్టి నన్నూ వెంటబెట్టుకున్నారు.

నాకు దేవుడంటే నమ్మకం లేదు. ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మ పండగపూట తప్ప దాని గురించి గొడవ కూడా పెట్టుకోదు.

తిరుపతి నుంచి బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, ఒకే పొట్లంలో వేరుశనక్కాయలు తిన్నారు, దొంగా అని తిట్టుకున్నది వీళ్లేనా అనిపించింది. చంద్రగిరి దాటాక ఇద్దరికీ మాట పడిపోయింది. మామ అయితే కిటికీ బయటికి చూస్తూ పెదాలు కదుపుతున్నాడు, లెక్కలు వేసుకుంటున్నాడో శ్లోకం చదువుకుంటున్నాడో తెలీలేదు.

కాణిపాకం గుడి 11వ శతాబ్దంలో కులోత్తుంగ చోళుడు కట్టించాడంటారు. బావి తవ్వుతుంటే పార తగిలి రక్తం చిమ్మిందని, తవ్వుతున్న ముగ్గురు అన్నదమ్ముల గుడ్డితనం, మూగతనం, చెవుడు పోయాయని కథ. స్వామి ఇప్పటికీ పెరుగుతున్నాడని, వెనకటి వెండి కవచం ఇప్పుడు సరిపోవట్లేదని భక్తులు చెప్పుకుంటారు. పెరగడం సంగతి నాతో వాదించకండి, అక్కడ నన్ను ఆపేసింది అది కాదు.

ప్రమాణం చేసేవాళ్లు కోనేట్లో మునిగి, తడిబట్టలతోనే వచ్చి స్వామి ముందు నిలబడి చెప్పాలి. మామ మునిగాడు. పైకొచ్చి మెట్టు మీద నిలబడ్డాడు, పంచె అంచు నుంచి నీళ్లు కారి కాళ్ల కింద చిన్న మడుగు కట్టింది, బొటనవేలితో ఆ నీళ్లని అటూ ఇటూ రాస్తున్నాడే గానీ అడుగు ముందుకెయ్యడు. “ఇచ్చినట్టే గుర్తు. అయితే ఆ లోడువా, అంతకు ముందువా అంటే... స్వామి ముందర తేడా చెప్పలేను గదా” అన్నాడు. ఊళ్లో ఇదే మనిషి నలుగురి ముందూ గుండెల మీద చెయ్యేసుకుని ఢంకా బజాయించి చెప్పాడు!

నేను ఉండబట్టలేక, “నేను చూశాను పెదనాన్నా, నోట్లు నీ చేతికే ఇచ్చాడు, కావాలంటే నేను చేస్తా ప్రమాణం” అన్నాను. ఆయన నవ్వాడు. “దేవుడే లేడనేవాడివి, నీ ప్రమాణం నాకెందుకురా అబ్బోడా?”

చురుక్కుమంది. ఈ మాట ఆయనొక్కడిదే కాదు, మతసహనం గురించి అంతగా రాసిన ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ కూడా 1689లో నాస్తికుణ్ణి మాత్రం ఆ సహనానికి బయటే ఉంచాడు, మాటకీ ఒట్టుకీ వాడు కట్టుబడడని. మన దగ్గర 1873 నాటి చట్టంలో అయితే, అవతలివాడు ఫలానా తీరున ఒట్టేస్తే ఒప్పుకుంటానని ఒక పక్షం అంటే, ఆ ఒట్టు మీద చెప్పిందే తిరుగులేని సాక్ష్యం. 1969లో కొత్త చట్టం వచ్చి ఆ ఏర్పాటు తీసేసింది. ఇప్పుడు కోర్టులో నేను దేవుడి పేరెత్తకుండా నిజమే చెప్తానంటే చాలు. కోర్టుకు చాలుతుంది, పెదనాన్నకు చాలదు. ఆయన వైపు నుంచి చూస్తే అందులో తప్పేముంది, అబద్ధమాడితే మామకు పోయేది చాలా ఉంది, నాకు పోయేదేమిటో ఆయనకు కనబడదు. నమ్మకమంటే దేవుడున్నాడా లేడా అనే వాదనే అని నేను ఇన్నాళ్లూ అనుకుంటుంటే, వీళ్లకు అది ఒకడి దగ్గర ఇంకొకడు పెట్టుకున్న తాకట్టు. తాకట్టు పెట్టడానికి నా దగ్గరేమీ లేదు. ఇలా అన్నానని మా నాస్తిక మిత్రులు నన్ను వెలేస్తారేమో గానీ, దేవుడు లేడని నిరూపించడం కంటే నా మాట నిలబడుతుందని పెదనాన్నను ఒప్పించడమే కష్టం.

చివరికి ప్రమాణం జరగలేదు. మామ వెనకాడటం చూశాక పెదనాన్నకే కాస్త గాలి పోయింది, తనకూ అంత కచ్చితంగా గుర్తు లేదన్నాడు. కోనేటి మెట్ల మీదే కూర్చుని నా ఫోన్‌లో లెక్కేయించి, అడిగిన దాంట్లో సగానికి ఒప్పుకున్నారు. తర్వాత దర్శనం చేసుకున్నారు, నేనూ లైన్లో నిలబడ్డాను, తీర్థం చేతిలో పోస్తే తాగాను.

తిరుగు బస్సులో మామ అడిగాడు, “నిజంగా చేసేవాడివా?”

“చూసింది చూసినట్టు చెప్పడానికేం?”

“అదే అబద్ధమైతే?”

“ఎక్కడైనా చెప్పను.”

“అట్లయితే నీకు కాణిపాకం దాకా ఎందుకు, ఇంటికాడే చెప్పుంటే పోయేది గదా!”

ముందు సీట్లోంచి పెదనాన్న వెనక్కి తిరిగాడు. “ఇంటికాడ చెప్తే నేను నమ్మేవాణ్ణా?”