కన్నింగ్‌హామ్ కాల్చని రోజు

రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరా సముద్రంలో బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ ఆండ్రూ కన్నింగ్‌హామ్ అనగానే నౌకా యుద్ధాలు చదివేవాళ్లకి గ్రీస్ దగ్గర జరిగిన మాటపాన్ యుద్ధం గుర్తొస్తుంది. 1941 మార్చి 28 రాత్రి చీకట్లో నాలుగు కిలోమీటర్ల లోపుకి వెళ్లి కాల్చి, ఇటలీవి మూడు భారీ క్రూయిజర్లు, రెండు డిస్ట్రాయర్లు ముంచేశాడు మరి. ముందురోజు ఈజిప్టులోని తన స్థావరం అలెగ్జాండ్రియాలో, శత్రువుకి కబురు చేరవేస్తాడనుకున్న జపాన్ కాన్సుల్ కంటపడేలా సూట్‌కేసుతో, గోల్ఫ్ సామాన్లతో ఒడ్డుకి దిగి, చీకటిపడ్డాక గుట్టుగా మళ్లీ ఓడెక్కేశాడు. ఈ కథ నాకూ ఇష్టమే. కానీ నన్నడిగితే ఆయన కెరీర్‌లో అసలు గొప్ప పని అంతకు తొమ్మిది నెలల ముందే, అదే రేవులో జరిగింది.

1940 జులై. ఫ్రాన్స్ చేతులెత్తేసింది, వాళ్ల ఓడలు హిట్లర్ చేతిలో పడతాయేమోనని చర్చిల్‌కి టెన్షన్. అలెగ్జాండ్రియాలో కన్నింగ్‌హామ్ ఓడల పక్కనే ఫ్రెంచి అడ్మిరల్ గోడ్‌ఫ్రువా ఓడలున్నాయి, లొరేన్ అనే పెద్ద యుద్ధనౌక, నాలుగు క్రూయిజర్లు, ఇంకా కొన్ని చిన్నవి. నిన్నమొన్నటిదాకా కలిసి పనిచేసినవాళ్లే. ఓడలు కదలకుండా చేయటానికి గోడ్‌ఫ్రువా ఒప్పుకుని ఇంధనం ఖాళీ చేయిస్తుండగా, అల్జీరియాలోని మెర్స్-ఎల్-కెబీర్ రేవులో ఫ్రెంచి ఓడల మీద బ్రిటిష్ వాళ్లు కాల్పులు జరిపారని కబురొచ్చింది. దాదాపు 1,300 మంది పోయారు. గోడ్‌ఫ్రువా వెంటనే ఇంధనం తోడటం ఆపించి, బాయిలర్లు రాజేయించి, సముద్రంలోకి వెళ్లిపోతానన్నాడు. రెండువైపులా ఫిరంగులు ఒకరి మీదికి ఒకరు తిప్పుకుని కూర్చున్నారు, అదీ ఇరుకు రేవులో!

లండన్ నుంచేమో తొందరపెట్టే టెలిగ్రాములు. కన్నింగ్‌హామ్ వాటికి తలొగ్గి కాల్చేస్తే తన సొంత స్థావరమే మునిగిన ఓడలతో నిండిపోయేది. అందుకని జులై 4న తన కెప్టెన్లని ఫ్రెంచి ఓడల మీదికి మాట్లాడటానికి పంపాడు, ఫ్రెంచి నావికులకి నేరుగా తెలిసేలా బ్లాక్‌బోర్డుల మీద కబురు రాయించి పడవల్లో ఓడల చుట్టూ తిప్పించాడు. చివరికి ఫ్రెంచి కెప్టెన్లే వెళ్లి తమ అడ్మిరల్‌కి నచ్చజెప్పారు. ఫిరంగులు పేలటానికి కావలసిన భాగాలు ఊడదీసి ఫ్రెంచి కాన్సులేట్‌లో భద్రపరిచారు, సిబ్బందిలో చాలామందిని ఇంటికి పంపారు.

ఇంతా చేసి ఆయనేం మెతకమనిషి కాదు. 1911 నుంచి 1918 దాకా స్కార్పియన్ అనే డిస్ట్రాయర్ నడిపినప్పుడు కింది అధికారులు ఆయన దగ్గర నెగ్గుకురావటం కష్టమయ్యేది. ముందు దూకి తర్వాత ఆలోచించే రకమని పేరు. 1943లో నౌకాదళానికే అధిపతి అయ్యాడు. అదే ఏడాది మేలో, మూడేళ్లపాటు లంగరేసుకుని ఉన్న గోడ్‌ఫ్రువా ఓడలు తమంతట తామే మిత్రపక్షంలో చేరాయి.