ఒక మిల్లీమీటరు సందు కోసం పద్నాలుగు నెలలు

మా పికప్ ట్రక్ డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ దీపం మొదటిసారి ఒక డిసెంబరు ఉదయం వెలిగింది. బండిలోని కంప్యూటరు నమోదు చేసిన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి చూస్తే పి 0442 అనే కోడ్ కనిపించింది. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే వ్యవస్థలో ఎక్కడో చిన్న లీకు ఉందని దాని అర్థం. ఆ చోటు కనుక్కోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. డాలస్ పరిసరాల్లో పాత ట్రక్ నడిపే మనవాళ్ళెవరికైనా ఇదే కోడ్ వస్తే, నేను తిరిగిన దారంతా తిరగనవసరం లేకుండా ఉండాలని ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా ఈ వ్యవస్థ ఏం చేస్తుందో చెప్పాలి. ట్యాంకులోని పెట్రోలు ఎప్పుడూ కొంత ఆవిరి అవుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని బయటికి వదలకుండా బొగ్గు గుళికలు నింపిన క్యానిస్టర్‌లోకి పంపి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరిచి, అక్కడి నుంచి ఇంజిన్‌లోకి లాగి మండిస్తారు. క్యానిస్టర్‌కు బయటి గాలి అందించేది వెంట్ వాల్వ్. పర్జ్ వాల్వ్ మామూలుగా మూసి ఉంటుంది, వెంట్ వాల్వ్ మామూలుగా తెరిచి ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తర్వాతి పరీక్షలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. బండిలోని కంప్యూటరు లీకును పరీక్షించేటప్పుడు వెంట్ వాల్వ్‌ను మూసి, పర్జ్ వాల్వ్‌ను తెరిచి, ఇంజిన్ పీల్పుతో ట్యాంకులో కొద్దిపాటి వాక్యూమ్ పుట్టించి, తర్వాత పర్జ్ వాల్వ్‌ను కూడా మూసేసి, ఆ వాక్యూమ్ ఎంతసేపు నిలుస్తుందో ట్యాంకు ప్రెషర్ సెన్సర్ ద్వారా గమనిస్తుంది. పి 0442 సుమారు ఒక మిల్లీమీటరు రంధ్రానికి సమానమైన లీకును, పి 0456 అందులో సగం ఉన్న లీకును సూచిస్తాయి. లీకు ఉందని మాత్రమే కంప్యూటరుకు తెలుస్తుంది. ట్యాంకు మూత మొదలుకొని ఇంజిన్ దాకా ఉన్న గొట్టాలలో, అతుకులలో అది ఎక్కడుందో దానికి తెలియదు.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను: ట్యాంకు మూత మార్చాను. మూడు వారాల తర్వాత దీపం మళ్ళీ వెలిగింది. పర్జ్ వాల్వ్ మార్చాను, ఆ తర్వాత వెంట్ వాల్వ్ కూడా మార్చాను. భాగం మార్చి కోడ్ చెరిపిన ప్రతిసారీ కొన్నాళ్ళు దీపం ఆరిపోయేది, పని పూర్తయిందని నేను నమ్మేవాడిని. నిజానికి ఈ పరీక్ష బండి తీసిన ప్రతిసారీ జరగదు. చాలా బండ్లలో ఇంజిన్ రాత్రంతా చల్లబడి ఉండాలి, పెట్రోలు దాదాపు 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి, వాతావరణం మరీ చలిగానో మరీ వేడిగానో ఉండకూడదు. పైగా వరుసగా రెండుసార్లు పరీక్ష తప్పితే గాని దీపం వెలగదు. కాబట్టి కోడ్ చెరిపేశాక రెండు మూడు వారాలు దీపం రాకపోవడం మరమ్మతు ఫలించిందనడానికి రుజువు కాదు.

ఏప్రిల్‌లో ఒక వర్క్‌షాపులో పొగ పరీక్ష చేయించాను. మినరల్ ఆయిల్‌ను వేడిచేసి పుట్టించిన పొగను చాలా తక్కువ ఒత్తిడితో, అంటే సుమారు అర పీఎస్ఐతో, వ్యవస్థలోకి పంపుతారు. టైరులో ఉండే గాలి ఒత్తిడి 35 పీఎస్ఐ దాకా ఉంటుందని తలుచుకుంటే ఇది ఎంత తక్కువో తెలుస్తుంది. ఆ మధ్యాహ్నం ఎండ బాగా ఉంది, బండి గంటసేపు నడిచి వచ్చింది, పొగ ఎక్కడా కనిపించలేదు. క్యానిస్టర్‌లోనే పగులు ఉండి ఉంటుందని వాళ్ళు చెప్పారు, నేను మార్పించాను. మార్చిన వాటన్నింటిలోకీ ఖరీదైన భాగం అదే. ఆ వేసవి అంతా దీపం రాకపోవడంతో రోగం కుదిరిందనే అనుకున్నాను. డిసెంబరులో అదే కోడ్ తిరిగి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా కౌంటీలో బండి రిజిస్ట్రేషన్‌కు ఏటా ఎమిషన్ (వాహన కాలుష్య) పరీక్ష ఉంది. 2025 నుంచి టెక్సస్‌లో సొంత వాహనాలకు భద్రతా తనిఖీ ఎత్తేసినా, డాలస్, కాలిన్, డెంటన్ వంటి కౌంటీలలో ఈ పరీక్ష మిగిలే ఉంది. చెక్ ఇంజిన్ దీపం వెలిగి ఉంటే బండి తప్పుతుంది. అయితే 2001 తర్వాతి బండ్లకు, కంప్యూటరు తనంతట తాను చేసుకునే స్వీయ పరీక్షల్లో ఒకటి పూర్తికాకపోయినా అంగీకరిస్తారు. కోడ్ చెరిపేసి, ఆవిరి పరీక్ష జరిగేలోగా వెళ్ళి స్టిక్కర్ తెచ్చుకునే వీలు ఉందన్నమాట. నాకు అది మనస్కరించలేదు. ఈ ప్రాంతంలో వేసవిలో ఓజోన్ హెచ్చరికలు వచ్చిన రోజుల్లో పిల్లలను బయట ఆడనివ్వడానికి వెనుకాడతాం. పెట్రోలు ఆవిరి, ఎండ, పొగగొట్టాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్‌లు కలిసి పుట్టించేదే ఆ ఓజోన్. అదీగాక మా గ్యారేజీ ఇంటికి ఆనుకొనే ఉంది, పెట్రోలు ఆవిరిలో బెంజీన్ ఉంటుంది.

అసలు ఆధారం మా ఆవిడ మాటల్లో మొదటి చలికాలంలోనే దొరికింది, నేనే దాన్ని పట్టించుకోలేదు. "ట్యాంకు నిండా కొట్టించుకొచ్చిన రోజే గ్యారేజీలో వాసన వస్తోందండీ, మిగతా రోజుల్లో రావడం లేదు" అని ఆమె అన్నది. రెండో చలికాలంలో దీపం వెలిగిన ప్రతిసారీ తేదీ, ఉదయపు ఉష్ణోగ్రత, పెట్రోలు మట్టం ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఆరు నమోదులు పూర్తయ్యేసరికి రెండు విషయాలు తేలాయి. ప్రతిసారీ ఉదయం 45 ఫారెన్‌హీట్ డిగ్రీలకు, అంటే సుమారు 7 సెల్సియస్‌కు, అటూ ఇటూగా ఉంది. ప్రతిసారీ ట్యాంకులో సగానికి మించి పెట్రోలు ఉంది. పాతబడిన రబ్బరు చలికి బిగుసుకొని కుదించుకుపోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే పెట్రోలు కదిలి పై భాగాన్ని తడుపుతుంది. రెండూ కలిపి చూస్తే వెతకవలసింది ట్యాంకు పై భాగంలోని రబ్బరు అతుకునే.

అయినా ఈసారి ఊహ మీద ఆధారపడదలచుకోలేదు. చేతి పంపుతో వాక్యూమ్ పెట్టి, గొట్టాన్ని మధ్యలో బిగించి, వ్యవస్థను రెండు సగాలుగా విడదీసి చూశాను. క్యానిస్టర్ వైపు పది నిమిషాలైనా ముల్లు కదలలేదు. ట్యాంకు వైపు నీటి మట్టం లెక్కలో పది అంగుళాల వాక్యూమ్ పెడితే రెండు నిమిషాల్లో ఆరుకు పడిపోయింది. భాగాలు కొనకముందే ఈ పని చేసి ఉంటే మూత, రెండు వాల్వులు, క్యానిస్టర్ ఖర్చంతా మిగిలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఫిబ్రవరిలో ఒక చలి ఉదయం, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే, ఒక మిత్రుడు తన పొగ యంత్రం తెచ్చాడు. వెనక సామాను తొట్టెకూ ట్యాంకుకూ మధ్య నాలుగు వేళ్ళ సందే ఉంటుంది. అందులోకి చిన్న కెమెరా దూర్చి చూస్తే, ట్యాంకు పైనున్న ఫ్యూయల్ పంపు మూత అంచు నుంచి అగరొత్తి పొగలాంటి సన్నని తీగ పైకి లేస్తోంది. అదే బండిని మధ్యాహ్నం ఎండలో ఉంచి మళ్ళీ చూశాం, ఆ తీగ దాదాపు మాయమైంది. ఏప్రిల్‌లో వర్క్‌షాపు వాళ్ళకు ఎందుకు కనిపించలేదో అప్పుడు అర్థమైంది.

అక్కడికి చేరాలంటే ట్యాంకును కిందికి దించాలి, లేదా పైనున్న తొట్టెను తీయాలి. నేను రెండోదే ఎంచుకున్నాను. బ్యాటరీ వైరు తీసేసి, బండిని గ్యారేజీ బయట పెట్టి, ఎనిమిది బోల్టులు, వెనక దీపాల వైరు, పెట్రోలు పోసే గొట్టం దగ్గరి స్క్రూలు విప్పాక నలుగురం కలిసి తొట్టెను ఎత్తి పక్కన పెట్టాం. ముందురోజు తుప్పు వదిలించే నూనె పట్టించినా రెండు బోల్టులు చాలా మొండికేశాయి. పంపు మూత చుట్టూ చేరిన మట్టిని ముందే పూర్తిగా ఊడ్చేయాలి, లేకపోతే అది ట్యాంకులో పడుతుంది. మూతను బిగించే లాక్ రింగును నిప్పురవ్వలు రాకుండా ఇత్తడి ఉలితో తట్టి తిప్పాను. కింద ఉన్న ఓ-రింగ్, అంటే అతుకును మూసే రబ్బరు వలయం, గట్టిపడి, చదునుగా అణగి, గోటితో నొక్కినా మెత్తబడకుండా ఉంది. దాని గాడిలో ఒకచోట తుప్పు పొర లేచింది. గాడిని శుభ్రంగా తుడిచి, కొత్త ఓ-రింగ్, కొత్త లాక్ రింగు వేశాను. పాత ఓ-రింగును తిరిగి వాడకండి, అది పైకి బాగున్నట్టు కనిపించినా సరే.

తొట్టె తిరిగి ఎక్కించకముందే వాక్యూమ్ పెట్టి చూస్తే పది నిమిషాల తర్వాత కూడా ముల్లు పది మీదే ఉంది. కోడ్ చెరిపి, ట్యాంకును ముప్పాతిక నింపి, రోజూ ఉదయం మామూలుగానే ఆఫీసుకు వెళ్ళాను. పదకొండో రోజున స్కానర్‌లో ఆవిరి పరీక్ష పూర్తయిందని, లోపం లేదని కనిపించింది. ఆ ఉదయం 43 ఫారెన్‌హీట్ డిగ్రీలు. మరుసటి శనివారం ట్యాంకు నిండా కొట్టించుకొచ్చి, రాత్రంతా గ్యారేజీ తలుపు మూసి ఉంచాం. పొద్దున మా ఆవిడే ముందు వెళ్ళి తలుపు తీసి, వాసన లేదని చెప్పింది.