ఎవర్‌బేరింగ్ స్ట్రాబెర్రీలో ఏ రకం వేసుకోవాలి?

న్యూజెర్సీలోని మా పెరట్లో స్ట్రాబెర్రీ మడి వేసి ఇది ఐదో వసంతం. మొదటిసారి నర్సరీ చీటీ మీద ‘ఎవర్‌బేరింగ్’ (ఎప్పుడూ కాసేది) అన్న మాట చూసి, ఎండాకాలమంతా రోజూ గుప్పెడు పళ్లు కోసుకోవచ్చని నమ్మి, క్వినాల్ట్ రకం మొక్కలు పాతిక తెచ్చి నాటాను. మరుసటి ఏడు జూన్‌లో అవి విరగకాసి ఆగిపోయాయి. జూలై రెండో వారంలో రాజమండ్రి నుంచి అమ్మ వచ్చేసరికి మడి నిండా ఆకులే ఉన్నాయి. మనవరాలు ఫోనులో అన్నాళ్లు ఊరించిన పండును అమ్మకు సెప్టెంబరు దాకా చూపించలేకపోయినందుకు నాకు చాలా బాధ కలిగింది.

తప్పు మొక్కది కాదని తర్వాత అర్థమైంది. ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు తరహాల మొక్కలను కలిపి అమ్ముతున్నారు. క్వినాల్ట్, ఓజార్క్ బ్యూటీ, ఫోర్ట్ లారమీ వంటి పాత రకాలు జూన్‌లో ఒకసారి, వేసవి చివర మరొకసారి కాస్తాయి, నడిమధ్య ఖాళీ. రెండో తరహాను ‘డే న్యూట్రల్’ అంటారు. ఇవి పగటి నిడివితో నిమిత్తం లేకుండా, వాతావరణం అనుకూలించినంత కాలం విడత తర్వాత విడతగా పూస్తూనే ఉంటాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ యూటా రాష్ట్రంలోని వాసాచ్ పర్వతాల నుంచి ఒక అడవి స్ట్రాబెర్రీ మొక్కను తెచ్చి, విక్టర్ వోత్‌తో కలిసి ఏళ్ల తరబడి సంకరం చేయగా, 1979లో ఈ తరహాలో తొలి మూడు రకాలైన ఆప్టాస్, బ్రైటన్, హెకర్ విడుదలయ్యాయి. ఆ వరుసలోనే 1981లో మేరీలాండ్ నుంచి ట్రైస్టార్, ట్రిబ్యూట్ వచ్చాయి. తూర్పు రాష్ట్రాల నేలకు, చలికి తగినట్టు తయారు చేసినవి కనుక మా ప్రాంతంలో నేటికీ నిలబడి ఉన్నాయి.

అయితే డే న్యూట్రల్ అన్నంత మాత్రాన నిర్విరామంగా కాస్తుందని అనుకోకూడదు. పగటి వేడి 30 డిగ్రీలకు చేరేసరికి వీటికీ పూత తగ్గిపోతుంది, మా దగ్గర జూలైలో అంత వేడి మామూలే. అందువల్ల నర్సరీ పుస్తకంలోని బొమ్మ చూసి కాక, మీ ఊరి జూలైని చూసి రకం ఎంచుకోవాలని నా అభిప్రాయం. కాలిఫోర్నియాలోనే పుట్టిన సీస్కేప్, ఆల్బియాన్ రెండూ నా మడిలో ఉన్నాయి. వేడిలో రెండూ వెనక్కి తగ్గినా, కింద గడ్డి పరచి, పొద్దున్నే నీళ్లు పెట్టి నేలను చల్లగా ఉంచిన చోట సీస్కేప్ ముందుగా తేరుకుంది.

ఆల్బియాన్ పండు పొడుగ్గా, గట్టిగా ఉంటుంది. ఎర్రబడగానే కోస్తే దుకాణంలో కొన్నట్టే ఉంటుంది. తొడిమ కింది తెలుపు పూర్తిగా పోయి, రంగు ముదిరాక ఇంకొక రోజు మొక్కకే వదిలేస్తే అదే పండు తేనెలా ఉంటుంది. ఫ్రాన్స్‌లో పుట్టిన మారా దే బ్వా దీనికి పూర్తిగా భిన్నమైనది. పండు చిన్నది, కానీ పొద్దున్న గిన్నెలో నాలుగు వేసి బల్ల మీద పెడితే వంటగదంతా గుబాళిస్తుంది. సాయంత్రానికి అడుగు మెత్తబడి రసం కారుతుంది కనుక, దాచుకోవడానికి గానీ ఇరుగుపొరుగుకు పంచడానికి గానీ అది పనికిరాదు, పెరట్లో నిలబడి తినవలసిందే.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. మన పెరళ్లలో వంకాయ, టమాటా, మిరప లేని మడి ఉండదు. ఆ మూడింటికీ, స్ట్రాబెర్రీకీ వెర్టిసిలియం వడలు తెగులు ఉమ్మడి శత్రువు. ఆ శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. నేను వంగమొక్కలు పీకిన మడిలోనే మరుసటి ఏడు స్ట్రాబెర్రీ వేశాను. బయటి ఆకులు అంచుల నుంచి గోధుమరంగుకు తిరిగి, లోపలి లేతాకులు మాత్రం పచ్చగా ఉండి, జూన్ ముగిసేలోగా తొమ్మిది మొక్కలు పోయాయి. వేరే చోటు లేనివారు ఈ తెగులును చాలావరకు తట్టుకునే ట్రైస్టార్‌ను గానీ ఆల్బియాన్‌ను గానీ ఎంచుకోవడం మంచిది.

వేసవి చివరి పంటకు మచ్చల రెక్కల ఈగ బెడద కూడా ఉంది. అది పండుతున్న కాయనే కోసి లోపల గుడ్లు పెడుతుంది. సన్నని వల కప్పి, పండినవాటిని రోజూ కోసి ఫ్రిజ్‌లో పెట్టడమే నాకు పనికొచ్చిన ఉపాయం.

ఈ ఏడు ఎన్నడూ కూరగాయలు వేయని కంచె పక్క నేలలో పది ఆల్బియాన్, పది సీస్కేప్, వంటగది గుమ్మం దగ్గర ఐదు మారా దే బ్వా నాటాను. మొదలు మట్టిలో పూడిపోకుండా నేలమట్టానికి ఉంచాను. మొదటి ఆరు వారాలు వచ్చిన పూలన్నీ గిల్లేయాలి, పాకే తీగలు కత్తిరించాలి. ఏప్రిల్ మధ్యలో నాటిన మొక్కకు అలా మే నెలాఖరు దాకా పూలు తీసేస్తే, జూన్ తొలి రోజుల్లో వదిలిన పూత పండు కావడానికి దాదాపు నెల పడుతుంది. అమ్మ టిక్కెట్టు జూలై 9కి తీసుకున్నాం.