బస్సు పడనివాడు విమానమెక్కితే

నాకు చిన్నప్పటి నుంచీ బస్సు పడదు. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్లే రోజున కొండ మలుపులు మొదలవకముందే అమ్మ నా చేతిలో నిమ్మకాయ పెట్టేది. దాన్ని వాసన చూస్తూ చూస్తూనే వాంతి చేసుకునేవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా నిమ్మకాయ కోస్తే నాకు కడుపులో తిప్పుతుంది.

అలాంటి నాకు విమానంలో కూర్చుని చేసే ఉద్యోగం వచ్చింది. ఖనిజాల జాడ కోసం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సర్వే అది. చిన్న విమానం, తోక వెనక పొడుచుకొచ్చిన గొట్టంలో ఆ క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్. నేలకు సుమారు 100 మీటర్ల ఎత్తులో, చేను దున్నినట్టు ఒక సాలు వెళ్లి, మళ్లీ పక్క సాలులో రావాలి. ప్రయాణికుల విమానాలు 10,000 మీటర్ల ఎత్తున మబ్బులు దాటి హాయిగా పోతాయి. మాది కాగిన నేల నుంచి లేచే వేడిగాలి మీద ఎగిరెగిరి పడుతుంది. పైలట్‌కు బయటి లోకం కనిపిస్తుంది. నేను తల వంచుకుని తెర మీది గీతలు చూడాలి. ఊగుతున్నామని లోపలి చెవి చెబుతుంది, ఏమీ కదలడం లేదని కళ్లు చెబుతాయి. ఆ తగువు తీరేది కడుపులో.

మొదటి రోజు 40 నిమిషాలకే వాంతి సంచి అందుకున్నాను. నాలుగో రోజుకు ఇంధనం వాసన తగిలితే చాలు, నేల మీదే డోకు వచ్చేది. పైలట్ ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

వాంతులు రాకుండా అవోమిన్ మాత్ర వేసుకుంటే నిద్ర ముంచుకొచ్చింది. "మాత్ర బాగానే పనిచేస్తుంది, మీరే పనిచేయలేరు," అన్నారు డాక్టరు. సెలవు పెట్టి ఇంటికొచ్చాను.

మా బావ ఆ ఘాట్ రోడ్డులోనే బస్సు నడుపుతాడు. సంగతి విని, "డ్రైవర్ వాంతి చేసుకోవడం ఎప్పుడైనా చూశావటోయ్?" అన్నాడు. నిజమే, మలుపు రాబోతోందని అతనికి ముందే తెలుసు. మర్నాటి నుంచి 12 రోజులు బావ పక్క సీట్లో కూర్చున్నాను. తల వెనక్కి ఆనించి, చూపు దూరంగా రోడ్డు మీద. వారం గడిచాక ఫోనులోకి 10 సెకన్లు చూడటం, మళ్లీ రోడ్డు. తర్వాత అర నిమిషం, ఆ తర్వాత నిమిషం. రెండుసార్లు బస్సు ఆపించాను. ప్రయాణికులు బావను తిట్టారు, నన్ను కాదు.

తిరిగి వెళ్లాక సిగ్గు విడిచి పైలట్‌ను ఒకటే అడిగాను, తిప్పే ముందు ఎటో చెప్పమని. "ఎడమకి" అని వినబడగానే తెర వదిలి దిగంతం వైపు చూసేవాణ్ణి. గాలి నిలకడగా ఉండే తెల్లవారుజామున, రెండు ఇడ్లీలు తిని ఎక్కేవాణ్ణి, చల్లగాలి గొట్టం ముఖం మీదికి తిప్పుకుని. మూడో వారంలో ఒక రోజంతా సంచి ముట్టలేదు.

అయితే ఈ అలవాటు నిలవ ఉండదు. దసరా సెలవుల తర్వాత మొదటి రోజు మళ్లీ సంచి తప్పలేదు. అందుకే ఇప్పుడు డ్యూటీకి వెళ్లే ముందు రెండు రోజులు బావ బస్సెక్కుతాను. అమ్మ మాత్రం ఇంకా నా బ్యాగులో నిమ్మకాయ వేస్తూనే ఉంది. దాన్ని బావ ముందు అద్దం దగ్గర పెట్టేసి దిగిపోతాను.